గాలి చల్లారదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను తిన్నగా కూర్చోనివ్వలేదు. కాకినాడ నుంచి ఒక సోదరి రాశారు. వాళ్ళ తమ్ముడు డిప్లొమా చదివి, ఉద్యోగం కోసం రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, చివరకు అక్కగారి గాజులు కుదువబెట్టి గచ్చు మాలు పంపే యంత్రం ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడట. అపార్టుమెంట్లలో టైల్స్ కింద పరిచే ఇసక సిమెంటు మాలును కూలీలు నెత్తిన తట్టలతో మొయ్యనక్కర లేకుండా, గొట్టంలోంచి నాలుగో అంతస్తుకు కూడా పంపిస్తుందది. పని బాగానే దొరుకుతోంది. కాని పోయిన నెల కుడిచేతికి కట్టుతో ఇంటికి వచ్చాడు. “యంత్రం ఆపేశానక్కా. ఆపేశాకనే కొట్టింది” అన్నాడట. ఆపేసిన యంత్రం ఎలా కొడుతుందండీ, వీడేదో దాస్తున్నాడా, అని ఆవిడ ప్రశ్న.

దాచడం లేదమ్మా. మీ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం.

మీ వంటింట్లో ప్రెషర్ కుక్కరు వుంది గదా. స్టవ్ ఆర్పిన మరుక్షణమే మూత లాగుతారా? పిల్లలు ఆకలని ఎంత గోల పెట్టినా లాగరు. స్టవ్ ఆరింది కాని లోపల ఆవిరి ఆరలేదని మీకు తెలుసు. ఈ యంత్రమూ అలాంటిదే. కడవలాంటి పెద్ద ఉక్కు పాత్ర, లోపల తిరిగే రెక్కలు. ఇసకా, సిమెంటూ, నీళ్ళూ పోసి కలిపి, మూత బిగించి, కంప్రెసర్ నుంచి గాలి వదిలితే ఆ గాలి మాలును ముద్దలు ముద్దలుగా గొట్టంలోకి తోస్తుంది. పై అంతస్తులో ముక్కాలి స్టాండు దగ్గర ముద్దలు దబ్బుదబ్బున పడుతూ వుంటాయి.

అయితే కుక్కరుకు ఒక మంచి గుణం వుంది. కాసేపు వూరుకుంటే ఆవిరి చల్లారి నీరైపోతుంది. గాలి చల్లారదు. మనంతట మనం బయటికి వదిలితే తప్ప, లేదా ఎక్కడైనా సందు దొరికితే తప్ప, అది అలాగే కాచుకుని కూర్చుంటుంది. ఇంజను ఆపడం అంటే కొత్త గాలి రాకుండా చెయ్యడం మాత్రమే సుమా. వున్న గాలి ఎక్కడికీ పోదు.

ఎంత గాలి అంటారా? మన కుక్కరులో చదరపు సెంటీమీటరుకు రమారమి 1 కిలో ఒత్తిడి. కారు టైరులో రెండూ, రెండున్నర. ఈ కంప్రెసర్లు 6, 7 కిలోల దాకా పోతాయి. గొట్టం లోపలి వెడల్పు 50 మిల్లీమీటర్లనుకుందాం. 6 కిలోల దగ్గర ఆ గొట్టం మూతి మీద పడే తోపుడు లెక్క కట్టండి, 118 కిలోలు వస్తుంది. రెండు సిమెంటు బస్తాల పైమాటే! అతుకు దగ్గర బిగింపు వూడదీస్తే ఆ బరువంతా ఒక్కసారి చేతిమీదికి దూకుతుంది. గొట్టం పాములా లేచి కొడుతుంది. నేను కళ్ళారా చూసిన ఒకచోట పదడుగుల దూరంలో వున్న నీళ్ళ డ్రమ్ము సొట్టపోయింది. అక్కడ మనిషి లేకపోవడం ఎవరి పూజాఫలమో!

ఇంతకీ అతను అతుకు ఎందుకు విప్పాడు? ఇది మీరు అడగలేదు కాని, అసలు సంగతి ఇక్కడే వుంది. గొట్టంలో మాలు అడ్డం పడి వుంటుంది. మామూలు సిమెంటు నీళ్ళు తగిలిన తరవాత కనీసం 30 నిమిషాలదాకా బిగుసుకోవడం మొదలు కాకూడదని మన దేశపు ప్రమాణం. అరగంట గడిచిపోతున్నకొద్దీ, అందునా ఎండలో, గొట్టం రాయైపోతుందేమోనన్న కంగారు పుడుతుంది. గొట్టం ఖరీదు కళ్ళముందు కనిపిస్తుంది. అక్కగారి గాజులు కూడా కనిపిస్తాయి కాబోలు. ఆ కంగారులో రెంచి పట్టుకుంటాడు.

కనుక మీ తమ్ముడితో ఇలా చెప్పండి. మాలు ఆగిపోగానే ముందు గాలి కట్టెయ్యాలి. తరవాత గాలి వదిలే వాల్వు పూర్తిగా తెరవాలి. గేజి ముల్లు సున్నాకు వచ్చిందాకా ఆగాలి. అయినా నమ్మకూడదు. గేజి చెప్పేది పాత్ర సంగతి. గొట్టంలో రెండుచోట్ల అడ్డం పడితే, ఆ రెంటి మధ్యా గాలి చిక్కుకుని వుంటుంది. అది గేజికి తెలియదు. గొట్టం పొడుగునా తొక్కి చూడాలి. మెత్తగా వాలిపోతే సరే. కర్రలా బిర్రుగా వున్నచోట లోపల గాలైనా వుండాలి, మాలైనా వుండాలి. ఏదో తేలేదాకా ఆ అతుకు జోలికి పోకూడదు. విప్పేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని, అతుకు మీద గోనెపట్టా కప్పి, పక్కన నిలబడి, మొహం తిప్పుకుని మెల్లిగా విప్పాలి. పై అంతస్తులో వున్నవాడికి ఫోను చేసి, గొట్టం మూతి దగ్గరనుంచి తప్పుకోమని ముందే చెప్పాలి. కింద ఏం జరుగుతోందో పాపం అతనికి కనిపించదు.

అసలు అడ్డం పడకుండా చూసుకోవడం ఇంకా సుళువు. ఇసక జల్లెడ పట్టాలి. ఒక్క గులకరాయి చాలు పని ఆపడానికి. మొట్టమొదట పల్చటి సిమెంటు పాలు గొట్టంలోంచి పంపితే లోపల జారుడు వస్తుంది. మాలు గుప్పిట్లో నొక్కితే సున్నివుండలా నిలవాలి, చెయ్యి మాత్రం తడి కాకూడదు. మీరు వుండలు చుట్టిన చెయ్యి, ఆ పాకం మీకే అతనికంటె బాగా తెలుస్తుంది! గొట్టం ఎక్కడా మడత పడకూడదు. భోజనానికి వెళ్ళేటప్పుడు మాలు లోపల వుంచి వెళ్ళకూడదు.

సాయంత్రం కడిగేటప్పుడు గొట్టంలో స్పాంజి బంతి వేసి గాలితో తోస్తారు. ఆ బంతి అవతలి మూతిలోంచి తుపాకి గుండులా వస్తుంది. దాన్ని పట్టుకునేందుకు బుట్ట బిగించాలి, ఆ దరిదాపుల్లో ఎవరూ వుండకూడదు. పాత్ర లోపల రెక్కలకు పట్టిన మాలు గీకడానికి చెయ్యి పెట్టేముందు ఇంజను ఆపి, తాళంచెవి గీకేవాడి జేబులోనే వుంచుకోవాలి. యజమాని జేబులో కాదు.

ఇక గ్రీజు పెట్టడం, మూత రబ్బరు తుడవడం, కంప్రెసర్‌లో చేరిన నీళ్ళు తియ్యడం రోజూ చేసేవే. అవి అతనికి తెలిసే వుంటాయి. సేఫ్టీ వాల్వు మాటిమాటికీ లేస్తోందని కొందరు దాన్ని తీగతో కట్టేస్తారు. అలాంటి తీగ కనిపిస్తే ఆ రోజు యంత్రం నడపవద్దు. పాత్రను ఒత్తిడి పరీక్ష చేయించిన కాగితం, అమ్మినవాడు ఇచ్చాడో లేదో కనుక్కోండి. ఇవ్వకపోతే అర్హత వున్న వాళ్ళచేత మళ్ళీ పరీక్ష చేయించాలి. డబ్బు ఖర్చే. గాజులు విడిపించడం ఇంకో నెల ఆలస్యమైనా ఇది ముందు.

అతని బట్టలు వుతికినప్పటినుంచి మీ వేళ్ళు పగులుతున్నాయని వుత్తరం చివర ఒక మాట రాశారు. అది సబ్బువల్ల కాదు. తడి సిమెంటులో ఘాటైన క్షారం వుంటుంది. మొదట మంట తెలియదు, తెలిసేసరికి చర్మం తినేసి వుంటుంది. ఆ బట్టలు ఇంట్లో దులపవద్దు, ఆ దుమ్ము వూపిరితిత్తులకు చెరుపు. విడిగా బక్కెట్లో నానేసి, నీళ్ళు రెండుసార్లు పారబోసి, రబ్బరు తొడుగులు వేసుకుని వుతకండి. వారంలో పగుళ్ళు మానకపోతే చర్మవైద్యులకు చూపించండి.

ఒక్క సంగతి తెలిస్తే ఇంకొంచెం చెప్పగలను. యంత్రంతోపాటు వచ్చిన గొట్టాలు ఎన్నేళ్ళవో, వంపు తిరిగేచోట పైన ఎక్కడైనా వుబ్బి వున్నాయో, మీ తమ్ముణ్ణి అడిగి రాయండి.