తలుపు కింద తూములు

కనిగిరిలో పాత కారు వున్న యింటివాళ్ళను కదిలిస్తే ఒక మాట వినబడుతుంది: "మన వూళ్ళో వానలే కరువు గదా, కారుకు తుప్పెందుకు పడుతుందండీ?" అని. వినడానికి సబబుగానే వుంటుంది. సముద్రం యెక్కడో వున్నది. మబ్బు పట్టిందంటే పండగే. అయినా మా వీధిలోని మేష్టారి అంబాసిడరు తలుపు అడుగు రేకు, ఆమధ్య వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే వున్నది! టింకరింగు మేస్త్రి తలుపు లోపలి అట్ట విప్పి చూపించాడు. అడుగున గుప్పెడు ఎర్రమట్టి, దూదిపీచుతో కలిసి ముద్దకట్టి వుంది.

"చూశారా మేష్టారూ, తూములు మూసుకుపోయినై" అన్నాడు.

"కారుకు తూములేమిటయ్యా?" అన్నారాయన.

ఈ సందేహం చాలామందికి వుంటుంది గనుక ఈ వారం ఆ సంగతే చెబుతాను.

కారు తలుపు ఒకే రేకు కాదు. బయట ఒకటి, లోపల ఒకటి, మధ్య డొల్ల. అద్దం దిగేది ఆ డొల్లలోకే. అద్దాన్ని ఒరుసుకుని వుండే రబ్బరు బీడింగు యెంత కొత్తదైనా కొంత నీరు లోపలికి జారకమానదు. ఈ సంగతి కారు చేసినవాళ్ళకు తెలుసు. అందుకే తలుపు అడుగు అంచున చిన్న బెజ్జాలు పెట్టారు. తలుపుల కింద పొడుగ్గా వుండే రేకు పెట్టెలకు కూడా నీరు పోయే దారి వుంటుంది. మిద్దెకు తూము యెలాగో కారుకు ఇవి అలాగ. మిద్దెను పాడుచేసేది కురిసిన వాన కాదు, తూము పూడి నిలిచిన నీరు.

మన మెట్టప్రాంతంలో వాన తక్కువ గాని దుమ్ము తక్కువా? ఆ దుమ్మే బెజ్జాలను పూడుస్తుంది. తర్వాత వానతో పనిలేదు. వారానికోసారి మనం కడిగే నీళ్ళే చాలు. తడిసిన మట్టి రోజుల తరబడి రేకును ఆరనివ్వదు. ఇనుముకు నీరూ, గాలిలోని ప్రాణవాయువూ తోడైతే తుప్పే. ఉప్పదనం వున్న బోరు నీళ్ళయితే మరీ త్వరగా. తుప్పు ఇనుముకన్నా యెక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక రంగు పొక్కులా లేస్తుంది. బయట పొక్కు కనబడిందంటే లోపల రేకు చాలావరకు తిన్నదన్నమాటే. దానిమీద లప్పం పెట్టి రంగు వేయించడం పుండు మీద పౌడరు అద్దడమే సుమా!

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరుకు గాని, ప్రీమియర్ పద్మినికి గాని లారీకి వున్నట్టు విడిగా ఛాసీ లేదు. ఆ రేకు పెట్టెలే బండికి వెన్నెముక. అవి పుచ్చితే జాకీ ఎత్తినచోటే కుంగుతుంది; ప్రమాదం జరిగితే లోపలివాళ్ళను కాచే బలమూ తగ్గుతుంది. పైగా 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 యేళ్ళు దాటిన కారును ‘వింటేజి’ బండిగా నమోదు చేయించవచ్చు. అయితే బాడీ, ఛాసీ, ఇంజను మూలరూపం మారి వుండకూడదు. తాతగారి బండి మనవడికి ఆ హోదాతో దక్కాలంటే అసలు రేకు మిగిలి వుండాలి గదా!

చేయవలసింది కొద్దిపాటి పని. అక్టోబరు వానలకు ముందొకసారి, ఎండాకాలం దుమ్ము అణిగాక ఒకసారి తలుపు అడుగు అంచు తడిమి చూడండి. పూడిన బెజ్జాన్ని వేపపుల్లతో తీయండి. ఇనప చువ్వయితే రంగు గీసుకుపోతుంది. అద్దం దించి, బీడింగు పక్కగా గ్లాసెడు నీళ్ళు పోయండి. వెంటనే కింద చుక్కలు రాలాలి. రాలకపోతే అట్ట విప్పించి మట్టి తీయించండి. కారు కడిగిన రోజున తలుపులు తెరిచి యెండలో ఆరనివ్వండి. నేల రేకులో రబ్బరు బిళ్ళలు బిగించిన బెజ్జాలు వేరు; వాటిని మాత్రం తీయకండి.

రేకు మార్పించవలసి వస్తే, డబ్బు ఇచ్చేముందు వంగి కింద చూడండి. అతుకు యెంత నున్నగా వున్నా, పాత బెజ్జాలున్నచోట కొత్త బెజ్జాలు లేకపోతే ఆ పని పూర్తికానట్టే.