పెళ్ళెప్పుడని అడిగే హక్కు కంపెనీకి ఎవరిచ్చారు?

ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే అభ్యర్థికి పని తెలుసో లేదో చూడటం. ఈ మాట మగవాళ్ళ విషయంలోనే నిజం. ఆడవాళ్ళకు చదువు గురించిన ప్రశ్నలు అయిపోయాక రెండో ఇంటర్వ్యూ మొదలవుతుంది. పెళ్ళయిందా? ఎప్పుడు చేసుకుంటారు? చేసుకున్నాక మీ ఆయన పంపిస్తాడా? పిల్లల్ని ఎవరు చూసుకుంటారు? తన వంతు కోసం బయట కూర్చున్న అబ్బాయిని మాత్రం ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు.

ఇవి మాటవరసకు అడిగేవేనని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నంద్యాల, ఆళ్ళగడ్డ అమ్మాయిల వైపు నుంచి చూస్తే వీటి బరువు తెలుస్తుంది. నంద్యాలలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఆ చదువుకు తగ్గ పెద్ద కంపెనీలు ఎక్కువగా హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్నాయి. ఆళ్ళగడ్డ అమ్మాయి ఇంటర్వ్యూకు పోవాలంటే ముందు ఇంట్లో ఒప్పించాలి. చార్జీలకు డబ్బు అడగాలి. తోడు రావడానికి తండ్రో అన్నో పని మానుకోవాలి. ఇంత చేసి పంపేవాళ్ళు చాలామంది ఒక గడువు కూడా పెడతారు: ఈ ఏడు ఉద్యోగం రాకపోతే సంబంధాలు చూస్తామని. అక్కడికి పోతే కంపెనీ, పెళ్ళి చేసుకునేదానివి నీకు ఉద్యోగమెందుకంటుంది. ఇంట్లో ఉద్యోగం లేదు కనుక పెళ్ళి. కంపెనీలో పెళ్ళి ఉంది కనుక ఉద్యోగం లేదు. రెండు చోట్లా తీర్పు చెప్పేది పితృస్వామ్యమే.

ఇది ఏ చిన్న దుకాణమో చేసే పని కాదు. దేశమంతటా శాఖలున్న జీవిత బీమా సంస్థ, రాతపరీక్షా ఇంటర్వ్యూ నెగ్గిన స్త్రీల చేత ఒక ఫారం నింపించేది. నెలసరి సక్రమంగా వస్తుందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావం అయిందా అని అందులో అడిగారు. నీరా మాథుర్ ప్రసూతి సెలవు పెట్టాక, ఆ ఫారంలో అబద్ధం రాసిందని 1990 ఫిబ్రవరిలో ఆమెను తీసేశారు. 1991 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమెను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోమంది. ఆ ప్రశ్నలు అవమానకరమైనవి, తీసేయమంది.

ముప్ఫై ఏళ్ళు గడిచాయి. మూడు నెలలు దాటిన గర్భిణి ఉద్యోగంలో చేరడానికి 'తాత్కాలికంగా అనర్హురాలు' అని స్టేట్ బ్యాంకు నియమం పెట్టింది. దేశమంతా నిరసన వచ్చాకే 2022 జనవరిలో దాన్ని పక్కన పెట్టింది. చెన్నై దగ్గర ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఐఫోన్ల కూర్పు పనికి పెళ్ళయిన స్త్రీలను తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ బయటపెట్టింది. కుటుంబ బాధ్యతలు, గర్భం, ఎక్కువ సెలవులు - నియామకాలతో సంబంధమున్నవాళ్ళు చెప్పిన కారణాలివి. వివక్ష చూపడం లేదని కంపెనీ అంటోంది.

పెళ్ళయ్యాక ఆడవాళ్ళు మానేస్తారు కదా అని వాదిస్తారు. ఎక్కువ జీతం కోసం రెండేళ్ళకోసారి కంపెనీ మారే మగవాణ్ణి తెలివైనవాడంటారే! మానేసిన స్త్రీ ఎందుకు మానేసిందో, ఇంట్లో వంటా, పిల్లలూ, ముసలివాళ్ళూ ఎవరి నెత్తిన పడ్డారో అడగరు.

చట్టం లేదా? ఉంది. నియామకాల్లో లింగవివక్ష తగదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా చెబుతోంది. కాని ఇంటర్వ్యూలో ఏం అడగకూడదో రెండింటిలోనూ లేదు. గది తలుపు మూసి అడిగిన ప్రశ్నకు సాక్ష్యమెక్కడ? ఎందుకు తీసుకోలేదో రాసిచ్చే బాధ్యత కంపెనీకి లేనప్పుడు, వివక్ష జరిగిందని అమ్మాయి ఎలా నిరూపించాలి?

ప్రసూతి ఖర్చు సంగతీ తేల్చుకోవాలి. 2017లో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. మంచిదే. కాని ఇ.ఎస్.ఐ. పరిధిలో లేని చోట ఆ జీతమంతా ఒక్క యజమానే ఇవ్వాలి. దాంతో స్త్రీ అంటే ఖర్చని లెక్కలు వేస్తున్నారు. ఇ.ఎస్.ఐ.లో యజమాని 3.25 శాతం, కార్మికులు 0.75 శాతం కడతారు. ఆడా మగా అందరి పేరునా కడతారు. ప్రసూతి డబ్బు ఆ నిధి నుంచి వస్తుంది. బిడ్డలు సమాజానికి కావాలి కనుక ఖర్చూ సమాజమే పంచుకోవాలన్న సూత్రం ఇందులో ఉంది. నెలకు 21,000 దాటిన జీతాలకు కూడా దాన్ని ఎందుకు వర్తింపజేయరు?

మనం అడగాల్సినవి మూడు. పెళ్ళి, గర్భం గురించిన ప్రశ్నలను చట్టంలో పేరు పెట్టి నిషేధించాలి. తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి. ప్రసూతి ఖర్చు అందరి నిధి నుంచి రావాలి. ఇవి వచ్చేదాకా, అడిగిన ప్రతి ప్రశ్ననూ, తేదీతో సహా, బయటికి రాగానే కాగితం మీద పెట్టండి. ఒక్కరి దగ్గరుంటే అది బాధగానే మిగులుతుంది. పదిమందివి కలిపి కార్మిక శాఖ ముందు పెడితే సాక్ష్యమవుతుంది.