పాత మగ్గమునకు రొక్కము కూడదా?

పాత సామాను కొనునపుడు రొక్కము ఇయ్యరాదను నిబంధనలు నేడు మన నేత వీథులకు గూడ వచ్చినవి. దొంగసొత్తును అరికట్టుటకు, లెక్కకు రాని డబ్బును బయటికి తెచ్చుటకు ఇట్టివి కావలెనని పెద్దలందురు. ఆ ఉద్దేశమును మేము కాదనము. కాని మగ్గము అమ్ముకొను కుటుంబమునకు ఇవి ఎట్లు తగులుచున్నవో ప్రభుత్వము చెవిని వేయవలసిన బాధ్యత మన సంఘములకు కలదు.

ముందు జరిగిన సంగతి చెప్పెదము. పోయిన ఆషాఢములో మా సేలం వైపు ఒక నేతగారు కాలము చేసిరి. కుమారులిద్దరు తిరుప్పూరులో బనియన్ల కంపెనీ పనిలో నున్నారు. ఇంట నేయువారు లేనందున ఆయన భార్య గుంట మగ్గమును, దానిమీది జకార్డును, పన్నెలను, రాట్నమును కలిపి 22,000 రూపాయలకు అమ్మినది. కొన్నవారు లెక్కలు సక్రమముగా వ్రాసుకొను ఒక మాస్టరు వీవరు. మోసము తెలియని మనిషి. 10,000 దాటినచో రొక్కము ఇయ్యవద్దని ఆడిటరు చెప్పియుండుటచే చెక్కు వ్రాసి యిచ్చిరి. ఆమె దానిని తన ఖాతాలో వేసినది. ఆ బ్యాంకులోనే భర్త తీసికొన్న అప్పునకు ఆమెయు సంతకము చేసియున్నది, వాయిదాలు మీరియున్నవి. వచ్చిన మొత్తమంతయు బ్యాంకువారు ఆ అప్పు క్రింద జమ కట్టుకొనిరి.

పెద్దకర్మకు తెచ్చిన బియ్యపు బాకీ, ఇంటి అద్దె బాకీ అట్లే నిలిచినవి. ఆమె మా ఆఫీసు గుమ్మములో నిలిచి, “అన్నా, మగ్గం పోయె, చేతికి రూపాయి రాలే. నేనెవరికి అమ్మినట్టు?” అని అడిగినది. మా వద్ద సమాధానము లేకపోయెను. బ్యాంకు బాకీ బాకీయే, దానిని ఎగవేయుమని మేము ఎవరికిని చెప్పము. కాని రొక్కము చేతికి వచ్చియుండినచో ఆమె ముందు బియ్యపు అంగడివానికి, ఇంటి యజమానికి ఇచ్చి, మిగిలినది బ్యాంకులో కట్టియుండును. ఏ బాకీ ముందు తీర్చవలెనో నిశ్చయించుకొను స్వాతంత్ర్యము ఆమెకు దక్కలేదు. మేము ఈ విషయము ఎత్తుకొనుటకు అదియే కారణము.

ఇట్టి చట్టములు పరదేశములలోను కలవు. అమెరికాలోని లూసియానా రాష్ట్రములో 2011 లో చేసిన చట్టము పాత సామాను వర్తకులు రొక్కమిచ్చి కొనరాదని, చెక్కు, మనియార్డరు లేక బ్యాంకు బదిలీ ద్వారానే చెల్లించవలెనని శాసించెను. రాగి మొదలగు లోహముల దొంగతనములు పెరుగుటయే దానికి ముఖ్య కారణము. ఇంగ్లండు, వేల్సులలో 2012 డిసెంబరు 3 నుండి పాత ఇనుము, రాగి, సీసము వంటివి కొను వర్తకులు రొక్కము ఇచ్చుట నేరమైనది. 2013 నాటి చట్టము దానిని స్థిరపరచినది. అక్కడ రైలు మార్గముల కేబుళ్లు, చర్చి కప్పుల సీసపు రేకులు రాత్రికి రాత్రి మాయమగుచుండెడివి. కరగించిన రాగిమీద సొంతదారు పేరుండదు. కాబట్టి అమ్మినవాని పేరు బ్యాంకు కాగితముమీదనైన ఉండవలెననుట న్యాయమే.

మగ్గము సంగతి వేరు. గుంట త్రవ్వి, గుంజలు నాటి, ఇరువది ఏండ్లు ఒకేచోట నున్న వస్తువును దొంగ ఎత్తుకొని పోజాలడు. అది ఎవరిదో వీథి వీథికంతకు తెలియును. దానిని ఊడదీయునాడు ఇరుగుపొరుగువారే వచ్చి చేయి వేయుదురు. అంతకన్న సాక్ష్యము ఏ చెక్కు ఇయ్యగలదు?

ఇక మన దేశపు నిబంధన దొంగసొత్తును గూర్చినది కాదు, పన్ను లెక్కను గూర్చినది. 1968 నాటి ఫైనాన్సు చట్టముతో వచ్చిన ఈ ఏర్పాటు ప్రకారము, ఒక పరిమితి దాటి రొక్కముగా ఇచ్చిన ఖర్చును వ్యాపారి తన ఖర్చుగా చూపుకొన వీలులేదు. మొదట ఆ పరిమితి 2,500 రూపాయలు. తరువాత పెరుగుచు 20,000 వరకు వచ్చినది. 2017 ఏప్రిల్ నుండి దానిని ఒక మనిషికి ఒక రోజునకు 10,000 రూపాయలకు తగ్గించిరి. మగ్గము, జకార్డు వంటి ఆస్తి కొనుగోలుకును అప్పుడే ఇదే కట్టుబాటు పెట్టిరి. రొక్కముగా ఇచ్చిన ధరపై తరుగుదల లెక్క కట్టనియ్యరు. 2 లక్షలు, అంతకు మించిన రొక్కము పుచ్చుకొనరాదను నిషేధము కూడ ఆ సంవత్సరము వచ్చినదే. 2025 లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు నిర్ణయింపబడినది. అందు సెక్షన్ల సంఖ్యలు మారినను ఈ కట్టుబాట్ల సారము నిలిచియే యున్నది.

ఇచ్చట మన సభ్యులు గ్రహింపవలసినది ఒకటి కలదు. 10,000 నిబంధన కొనువాని లెక్కకు తగులును గాని అమ్మువానికి జుల్మానా వేయదు. పన్ను లెక్కలు లేని ఒక నేతగాడు తన పనికై ఇంకొక నేతగాని మగ్గము కొన్నప్పుడు ఆ చిక్కే లేదు. 2 లక్షల నిషేధములో మాత్రము దండన పుచ్చుకొన్నవానిపై పడును. పాత గుంట మగ్గము ధర అంత ఎత్తునకు పోదు. ఈ తేడా తెలియనందున దళారులు మన ఆడవారిని బెదరించుచున్నారు. “చెక్కయితే ఈ ధర. రొక్కం కావాలంటే చట్టం ఒప్పుకోదు, నాకు నష్టం, మూడువేలు తగ్గించు” అనుచున్నారు. కొనువాని పన్ను భారమును అమ్ము విధవరాలి నెత్తిన పెట్టుట కాక ఇదేమి?

మరియొక విచిత్రము. 1962 నాటి ఆదాయపు పన్ను నియమములలో 6 డి.డి. అను నియమము కొన్ని మినహాయింపులు ఇచ్చెను. కుటీర పరిశ్రమలో కరెంటు సాయము లేకుండ తయారైన సరుకును, తయారుచేసినవాని వద్దనే కొన్నచో, పరిమితి దాటినను రొక్కముగా చెల్లింపవచ్చునని అందు కలదు. బ్యాంకు లేని ఊళ్ల వారికిని మినహాయింపు ఇచ్చిరి. కష్టజీవికి చేతిలో డబ్బు పడవలెనని గ్రహించియే ఆ నియమము చేసియుందురు. ఆ దయను మేము మరువము. కాని ఆ మగ్గముమీద నేసిన చీరలకు రొక్కము పుచ్చుకొనవచ్చును, చీరలు నేసిన మగ్గమునకు మాత్రము కూడదు! నడుచుచున్న మగ్గము గల ఇంటికి చూపిన దయ, మగ్గము ఆగిపోయిన ఇంటికి చూపకుండుట తగునా?

మనలోని దోషములను గూడ చెప్పుకొనవలెను. కొందరు రొక్కమంతయు ఒకే నాడు ఇచ్చి, మూడు తేదీలు వేసి మూడు వోచర్లు వ్రాయించుచున్నారు. నిజముగా మూడు రోజులలో ఇచ్చినచో రోజు పరిమితి దాటదు. ఇయ్యని నాడు ఇచ్చినట్లు వ్రాయుట మాత్రము దొంగలెక్క. రేపు తగవు వచ్చినచో, తప్పు తేదీ క్రింద వేలిముద్ర వేసిన అమ్మ మాటకు విలువ ఉండదు. వాయిదాల పేరుతో సగము రొక్కమిచ్చి మిగిలినది ఎగవేసిన ఉదాహరణలును మాకు తెలియును. ఆ విషయములో చెక్కు మేలు. అమ్మినట్లు, డబ్బు ముట్టినట్లు అది రుజువుగా నిలుచును.

పట్టు నూలు, జరీ సంగతి మగ్గము వంటిది కాదు. సంఘము ఇచ్చిన నూలును చాటుగా అమ్ముకొనువారు, దానిని అడుగకుండ కొనువారు మనలో లేరని చెప్పజాలము. పాత పట్టుచీరలు కొని జరీలోని వెండి తీయువారు ఇంటింటికి వచ్చి, తూకము వారిదే, ధర వారిదేగా పోవుచున్నారు. లెక్కల పుస్తకమే లేని ఆ బేరగానికి ఏ పరిమితియు అడ్డురాదు. కరిగిపోవు వెండికి, గుర్తు తెలియని నూలుకు గట్టి చట్టము కావలెను. అచ్చట రొక్కము మానుటకు మేము సమ్మతింతుము. లోకములో ఇట్టి చట్టములు పుట్టినదే అట్టి సరుకుకొరకు.

కాబట్టి మా సూచన ఇది. చేతిపని వారు తాము వాడిన పనిముట్లను స్వయముగా అమ్ముకొనునపుడు, 30,000 రూపాయల వరకు రొక్కము ఇచ్చుటకు కొనువారికి మినహాయింపు ఇయ్యవలెను. ఊరక ఇయ్యనక్కరలేదు. అమ్మువారి పేరు, గుర్తింపు కార్డు సంఖ్య, మగ్గము వివరము, నిజమైన తేదీ వ్రాసి, ఇరుగుపొరుగువారిలో ఇద్దరి సాక్షి సంతకములతో రసీదు ఉండవలెను. దాని నకలు సహకార సంఘములో దాచవలెను. మూడు రోజులలో ముక్కలుగా ఇచ్చుటకు దారి ఉండగా, ఒక నాడు ఒకే మొత్తముగా ఇచ్చిన మాత్రమున ఖజానాకు వచ్చు నష్టము లేదు.

అది వచ్చువరకు మనము చేయదగినవి కొన్ని కలవు. మగ్గము అమ్మదలచినవారు, ముఖ్యముగా భర్త పోయిన స్త్రీలు, చెక్కు పుచ్చుకొనుటకు ముందు ఒకసారి సంఘము ఆఫీసునకు రావలెను. ఏ ఖాతాలో వేయుచున్నారో, ఆ బ్యాంకులో ఏ అప్పుమీద సంతకము ఉన్నదో చూచుకొనవలెను. 2014 నుండి జనధన పథకము క్రింద నిలువ లేకుండ ఖాతా తెరువవచ్చును. ఇంటిలో ఆడవారి పేర వేరుగా ఒకటి ఉండుట మేలు. పాత బాకీ ఉన్నచో బ్యాంకువారితో ముందుగానే మాటలాడి వాయిదా కుదుర్చుకొనుటకు మేము వెంట వచ్చెదము. మన ఇండ్లలో తెలుగు, బ్యాంకు కాగితము తమిళములోనో ఇంగ్లీషులోనో; షోలాపూరులో మరాఠీ, బరంపురములో ఒడియా. చదివి చెప్పు మనిషి లేక సంతకము చేయుటయే సగము కష్టములకు మూలము. ప్రతి సంఘములోను తెలుగులో పాత మగ్గముల రిజిస్టరు ఒకటి పెట్టి, రసీదు తెలుగులో చదివి వినిపించి వ్రేలిముద్ర వేయించవలెను.

ఆ తల్లికి మా సంఘము సభ్యులు తలకొంత వేసికొని బియ్యపు బాకీ తీర్చిరి. అద్దె బాకీ ఇంకను ఉన్నది. ప్రతి ఇంటికి ఇట్లు చందా వసూలు చేయజాలము. రాబోవు సర్వసభ్య సమావేశములో పై మినహాయింపును కోరుచు తీర్మానము ప్రవేశపెట్టుచున్నాము. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా, యానాములలోని సోదర సంఘములు తమ వద్ద జరిగిన ఇట్టి అమ్మకముల వివరములను, పేర్లు లేకుండ, మాకు వ్రాసి పంపిన అర్జీకి బలము చేకూరును.