తిరుగు ఆట

స్కాట్లాండ్ ఈశాన్య కొసన, ఉత్తర సముద్రం ఒడ్డున పీటర్‌హెడ్ అనే చేపల రేవు ఉంది. జనాభా 20 వేల లోపే. ఆ ఊరి ఫుట్‌బాల్ మైదానం పేరు బల్మూర్ స్టేడియం. నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట పక్కనున్న మన బల్మూర్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు, పేరు కలిసిందంతే. కానీ ఒకసారి పేరు కలిశాక ఆ మైదానం గురించి చదవకుండా ఉండలేకపోయాను. చదివేకొద్దీ మన దిక్కు ఆటల గురించి మనసులో చాన్నాళ్లుగా నలుగుతున్న ఒక మాట తేటపడింది.

రెండు ఊళ్లకూ రైలు లేదు. పీటర్‌హెడ్‌కు ప్రయాణికుల రైలు 1965లోనే ఆగిపోయింది. అచ్చంపేట మీదుగా గద్వాల–మాచర్ల రైలు కావాలని మనం తరాలుగా అడుగుతూనే ఉన్నాం. కాబట్టి అక్కడికైనా ఇక్కడికైనా పొరుగూరి జట్టు వెంట వచ్చే అభిమాని రోడ్డు పట్టాల్సిందే. అబర్డీన్‌లో రైలు దిగి, అక్కడి నుంచి గంటకు పైగా బస్సులో వెళ్తే పీటర్‌హెడ్ వస్తుంది. స్కాట్లాండ్ నైరుతి మూలనున్న స్ట్రాన్‌రార్ జట్టు అభిమానులైతే 400 కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి రావాలి. తెల్లారకముందే బయల్దేరి, మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆట చూసి, అర్ధరాత్రికి ఇల్లు చేరతారు. వాళ్ల జట్టు ఆడేది ప్రపంచం చూసే ఆటేమీ కాదు, స్కాట్లాండ్ వృత్తి లీగుల్లో కింది మెట్లది. అయినా వస్తారు. చలికాలంలో సముద్రపు గాలి ఒళ్లు కోస్తుంటే, చేతిలో మాంసం కూరిన వేడివేడి ‘పై’ అనే తినుబండారం, కప్పులో బోవ్రిల్ అనే గొడ్డుమాంసపు సారంతో కాచిన పానీయం పట్టుకుని నిలబడతారు.

ఆ మైదానం చిన్నది. 1997లో కట్టారు. కుర్చీలు సుమారు వెయ్యి మందికే, మిగిలినవాళ్లు నిలబడి చూడాలి. మామూలు శనివారాల్లో జనం వందల్లోనే ఉంటారు. పీటర్‌హెడ్ క్లబ్బు చాలా కాలం హైలాండ్ లీగ్ అనే ప్రాంతీయ పోటీలో ఆడి, 2000లో ఎల్గిన్ సిటీతో పాటు జాతీయ లీగులోకి అడుగుపెట్టింది. అదే మైదానంలో 2012 ఆగస్టు 11న ఒక వింత జరిగింది. గ్లాస్గోకు చెందిన రేంజర్స్, స్కాట్లాండ్‌లో అత్యధిక టైటిళ్లు గెలిచిన రెండు క్లబ్బుల్లో ఒకటి, అప్పుల్లో కూరుకుపోయి అట్టడుగు లీగుకు దిగాల్సొచ్చింది. ఆ కొత్త బతుకులో వాళ్ల మొదటి లీగు ఆట బల్మూర్‌లోనే. ఆ రోజు నాలుగు వేల పైచిలుకు జనం వచ్చారు. చేపల రేవు జట్టు గెలుపు అంచుదాకా వెళ్లింది. చివరి నిమిషాల్లో రేంజర్స్ గోలు కొట్టి 2–2తో గట్టెక్కింది. పెద్ద ఊరి అభిమానులు చిన్న ఊరి గోడ పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి చూసిన ఆట అది.

ఇలాంటి రోజులు అరుదు. నన్ను పట్టుకున్నది ఆ ఒక్క రోజు కాదు, అక్కడి మామూలు శనివారాల లెక్క. పీటర్‌హెడ్ ఆడే లీగులో పది జట్లుంటాయి. ప్రతి జట్టు మిగతా తొమ్మిదింటితో నాలుగేసి సార్లు ఆడుతుంది. రెండుసార్లు తన ఊళ్లో, రెండుసార్లు వాళ్ల ఊళ్లో. మొత్తం 36 ఆటలు. అంటే స్ట్రాన్‌రార్ అదే లీగులో ఉన్న ఏడాది, ఆ ఊరి అభిమాని పీటర్‌హెడ్‌కు రెండుసార్లు వస్తాడు, పీటర్‌హెడ్ అభిమాని స్ట్రాన్‌రార్‌కు రెండుసార్లు పోతాడు. ఏ వారం ఎక్కడ ఆటో సీజను మొదలయ్యే ముందే అందరికీ తెలుస్తుంది. వియ్యాలవారి రాకపోకల్లాంటి కట్టు ఈ తిరుగు ఆట. వాళ్లు వచ్చారంటే మనం పోవాలి, మనం పోయామంటే వాళ్లు రావాలి.

పొరుగు అభిమాని మళ్లీ వస్తాడని తెలిస్తే ఊరి నడవడి మారుతుంది. ‘పై’లు అమ్మే ఆమె వాళ్ల కోసం నాలుగు ఎక్కువ చేస్తుంది. గేటు దగ్గర టికెట్లు చించే పెద్దాయనకు ముఖాలు గుర్తుంటాయి. కిందటిసారి వానకు తడిసినవాళ్ల కోసం ఈసారి ఏదో ఒక పైకప్పు చూస్తారు. పొరుగువాడు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు, ఎందుకంటే నెల తిరిగేసరికి ఆ ఊరివాళ్లు తన గడప తొక్కుతారు. అక్కడి చిన్న మైదానాల్లో చాలాచోట్ల ఇరు పక్షాల అభిమానులను విడదీసే కంచె కూడా ఉండదు. సగం ఆట కాగానే, తమ జట్టు గోలు కొట్టబోయే వైపుకు అంతా కలిసే నడిచిపోతారు.

ఇప్పుడు మన బల్మూర్ దిక్కు చూద్దాం. మనకు ఫుట్‌బాల్ కన్నా కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ దగ్గరివి. సంక్రాంతి వస్తే ఉమామహేశ్వరం బ్రహ్మోత్సవాలు, ఇళ్ల ముందు ముగ్గులు, వలసపోయినవాళ్లంతా ఊళ్లకు తిరిగిరావడం, వీటన్నిటి మధ్యలో హైస్కూల్ మైదానంలో ఆహ్వాన కబడ్డీ పోటీలు. పోస్టర్ మీద దాతల ఫొటోలు వరుసగా ఉంటాయి. ఎంట్రీ ఫీజు ఇంత, మొదటి బహుమతి ఇంత, రెండో బహుమతి ఇంత, షీల్డు ఫలానావారి జ్ఞాపకార్థం. పొద్దున్నే సున్నంతో కోర్టు గీస్తారు. మైకు పట్టుకున్న కుర్రాడు రైడర్ పేరు చెప్తూ మధ్యమధ్యలో దాతలకు కృతజ్ఞతలు చెప్తుంటాడు. బయటి ఊళ్ల జట్లు డీసీఎంలలో, ఆటోల్లో, ఒక్కో బండి మీద ముగ్గురు చొప్పున దిగుతాయి. వాళ్ల వెంట వచ్చే నలభై యాభై మంది పోరగాళ్లు మన పొరుగు అభిమానులు. గొంతులు పోయేలా అరుస్తారు, ఒక్క బోనస్ పాయింటుకు మట్టిలో దొర్లుతారు. వాళ్లను చూస్తే అభిమానం మన నేలలోనే పుట్టిందనిపిస్తుంది.

మర్యాదలో మనం ఎవరికీ తీసిపోం. చాలా ఊళ్లలో బయటి జట్లకు మధ్యాహ్నం అన్నం పెడతారు, రాత్రి ఆట ఉంటే బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పడుకోనిస్తారు. పీటర్‌హెడ్‌లో పొరుగు అభిమాని తన ‘పై’ తానే కొనుక్కోవాలి. ఈ విషయంలో వాళ్లే మన దగ్గర నేర్చుకోవాలి.

మన పోటీ నాకౌట్ కావడమే చిక్కు. ముప్పై జట్లు వస్తే పదిహేను జట్లు తొలి ఆటలోనే ఓడిపోతాయి. జట్లు ఎక్కువ, పొద్దు తక్కువ కాబట్టి ఆట సమయం కూడా కుదిస్తారు. పాతిక కిలోమీటర్ల నుంచి వచ్చిన జట్టు అరగంట కూడా ఆడకుండానే బండెక్కుతుంది. ఆ ఊరికీ ఈ ఊరికీ మళ్లీ ఎప్పుడు ఆటో ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాది దాత మారితే పోటీయే ఉండకపోవచ్చు. మళ్లీ కలిసే తేదీ లేనప్పుడు గెలవడమొక్కటే మిగులుతుంది, ఎలా గెలిచామన్నది ఎవరికీ పట్టదు. అంపైర్ మా ఊరోడా మీ ఊరోడా అన్న లొల్లి అక్కడే మొదలవుతుంది. బయటి నుంచి కూలికి తెచ్చుకున్న ఆటగాళ్లతో బహుమతి ఎగరేసుకుపోయే జట్లూ అక్కడే పుడతాయి. అలా గెలిచిన జట్టుకు ఊరుండదు. ఊరు లేని జట్టు వెంట ఏ అభిమాని ప్రయాణం చేస్తాడు?

తాగి వచ్చేవాళ్ల గొడవ కూడా అన్ని ఊళ్లూ ఎరిగినదే. దీనికి స్కాట్లాండ్ దారి తెలుసుకోదగినది. 1980 మే నెలలో గ్లాస్గోలో స్కాటిష్ కప్ ఫైనల్ ముగియగానే సెల్టిక్, రేంజర్స్ అభిమానులు మైదానంలోకి దూకి కొట్టుకున్నారు. గుర్రాల మీది పోలీసులు దిగాల్సొచ్చింది. అదే ఏడాది చట్టం తెచ్చి, ఫుట్‌బాల్ మైదానాల్లోకి మద్యం రాకుండా కట్టడి చేశారు. తాగుడులో పేరున్న దేశం అది. అయినా ఆట చూసే ఆ రెండు గంటలూ గ్యాలరీల్లో మద్యం వద్దనుకుని, నాలుగు దశాబ్దాలకు పైగా నిలబడింది. మన గ్రామ పోటీలకు చట్టం కూడా అక్కర్లేదు. కోర్టు నుంచి వంద గజాల దాకా సీసా కనిపిస్తే ఆతిథ్య జట్టుకు రెండు పాయింట్లు కోత అని నిర్వాహకులు ఒక్క నియమం రాసుకుంటే చాలు.

ఆడవాళ్ల మాట వేరుగా చెప్పాలి. మన పోటీల్లో కోర్టు చుట్టూ ఎంతమంది ఉన్నా అందులో ఆడవాళ్లు చాలా తక్కువ. ఆట మీద ఇష్టం లేక కాదు. ఫ్లడ్‌లైట్ల కింద అర్ధరాత్రి దాకా సాగే పోటీకి, మూత్రశాల లేని మైదానానికి, పక్కూరి నుంచి ఒక తల్లి తన కూతురి ఆట చూడటానికి ఎలా వస్తుంది? పొరుగు అభిమానికి కావలసినవి ఏమిటని అడిగితే నేను మొదట చెప్పేది మరుగుదొడ్డి, రెండోది తాగునీరు, మూడోది చీకటి పడకముందే ముగిసే ఆట. షీల్డు ఆ తర్వాత.

మైదానాలు లేవా అంటే, కొంతవరకు ఉన్నాయి. 2022 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినాన, ఊరికొక తెలంగాణ క్రీడా ప్రాంగణం అని పథకం మొదలైంది. చాలాచోట్ల బోర్డు, రెండు స్తంభాలు, ఒక నెట్ ఉన్నాయి. ఆట ఉన్నచోట గడ్డి అరిగిపోయింది, లేనిచోట ముళ్లకంప మొలిచింది. సీఎం కప్ పేరుతో 2023లోనూ 2024లోనూ పోటీలు జరిగాయి. కింది స్థాయి నుంచి మంచి ఆటగాళ్లను ఏరడానికి అవి పనికొస్తాయి, వాటిని తక్కువ చేయను. కానీ ఏరడం వేరు, ఊరికి ఆట అలవాటు చేయడం వేరు. ఏరే పోటీలో ఒక పిల్ల జిల్లాకు పోతుంది, మిగిలిన పదకొండు మంది ఇంటికి పోతారు. తిరుగు ఆటల సీజనులో ఆ పదకొండు మందికీ వచ్చే ఆదివారం మరో ఆట ఉంటుంది.

పెద్ద ఊరు కూడా ఈ పాఠం సరిగా నేర్వలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆయనే శిక్షకుడిగా 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు సెమీఫైనల్ ఆడింది. అంత ఘనత ఉన్న నగరంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టి, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. కానీ అదే కేరళ జట్టు గచ్చిబౌలికి వస్తే గ్యాలరీల్లో పసుపు చొక్కాలే ముందు కనిపించేవి. మంజప్పడ అని పిలుచుకునే ఆ కేరళ అభిమానులు సొంత నగరానికి ఆవల కూడా తమ జట్టును ఒంటరిగా వదలరు. మన దగ్గర డెక్కన్ లీజియన్ పేరుతో నిలబడిన కొద్దిమంది నిష్ఠగానే అరిచారు, కానీ నగరం వాళ్ల వెనక కదల్లేదు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. డబ్బు ఇబ్బందులు, యాజమాన్య మార్పులు కారణాలే. అయినా నా తీర్పు ఇది: ఊరు తనదనుకున్న జట్టును మూటగట్టి ఇంకో ఊరికి మోసుకుపోవడం అంత తేలిక కాదు. అజీజ్‌నగర్‌లో సుమారు 1,500 మంది పట్టే డెక్కన్ ఎరీనా అనే చిన్న మైదానం ఉంది. అక్కడి శ్రీనిధి డెక్కన్ జట్టు 2022–23, 2023–24 సీజన్లు రెండింటా ఐ–లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి చేరింది?

స్కాట్లాండ్‌ను ఉన్నదున్నట్టు దించమని నేననడం లేదు. వాళ్లకు నూరేళ్లు దాటిన క్లబ్బులున్నాయి, టికెట్ కొనే అలవాటుంది. మనకు పల్లి పంట, పత్తి ఏరడం, హైదరాబాద్ వలస ఉన్నాయి. ఊళ్ల మధ్య పాత పంతాలున్నాయి, కులం ఉంది, ఎన్నికల ఏడాదిలో దాతల రంగులున్నాయి. కానీ వలస ఉందన్న కారణమే తేదీలు ముందే ఖరారు చేయాలని చెప్తోంది. ఫలానా ఆదివారం మన ఊరి ఆట అని నెల ముందే తెలిస్తే, నగరంలో మేస్త్రీ పని చేసే తమ్ముడు శనివారం రాత్రి బస్సెక్కుతాడు. తెలియకపోతే సంక్రాంతికి తప్ప రాడు.

బల్మూర్ యువకులకు, పీఈటీ సార్లకు, సర్పంచులకు నా విన్నపం ఒకటే. ఈసారి ముప్పై జట్లను పిలవకండి. బల్మూర్, కొండనాగుల, మైలారం, పోలిశెట్టిపల్లి, ఈ నాలుగు ఊళ్లు చాలు. అబ్బాయిల జట్టు ఒకటి, అమ్మాయిల జట్టు ఒకటి. సొంత ఊరి పిల్లలే ఆడాలి. సంక్రాంతి దాటాక ఆరు ఆదివారాలు, ఒక్కో ఊరికి మూడు ఆటలు ఇంటి దగ్గర, మూడు పొరుగూళ్లో. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి పొద్దుగూకకముందే ముగించండి. బహుమతి డబ్బులో సగం తీసి బళ్లో మరుగుదొడ్లకు తాళం తీయించండి, నీళ్ల డ్రమ్ములు పెట్టించండి, పొరుగూరివాళ్లు కూర్చునే వైపు నాలుగు షామియానాలు వేయించండి. ఆరు తేదీలూ ఒక కాగితం మీద అచ్చు వేసి, నాలుగు ఊళ్ల బస్టాపుల్లో ఇప్పుడే అంటించండి.