నింద పోడు మీద, పొగ ఎవరిది?

"పోడు కొట్టి అడవిని కాల్చేది మీరే, అందుకే ఎండలు మండుతున్నాయి" అని ఎవరన్నా అంటే తల దించుకోకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. అసలు లెక్క తెలుసుకుని జవాబు చెప్పండి.

ఎండకు నేల కాగుతుంది. ఆ వేడి తిరిగి పైకి పోతుంటే గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్ కొంత పట్టుకుని మళ్లీ కిందికి పంపుతాయి. చలికి కప్పుకున్న దుప్పటి లెక్క. దీన్నే గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ అంటారు. దుప్పటి చెడ్డది కాదు. అది లేకుంటే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు ఉండేది. చేటు ఎక్కడంటే, దాన్ని మందం చేయడంలో.

మందం చేసిందెవరు? 25 కోట్ల ఏళ్లకు ముందటి అడవులే నేల కింద బొగ్గయ్యాయి. మన గోండుల నేల పేరు మీదే దాన్ని గోండ్వానా బొగ్గు అంటారు. కొత్తగూడెం, మణుగూరులో తవ్వేది అదే. ఇట్లాంటి బొగ్గునీ, పెట్రోలునీ ప్రపంచమంతా కాల్చి, 200 ఏళ్లలో బొగ్గుపులుసు వాయువును పది లక్షల పాళ్లలో 280 నుంచి 420 దాటించారు. కరెంటు ఎవరికి పోయింది? ఊరు ఎవరిది పోయింది?

అడవి నరికి కాల్చినా ఆ వాయువు పెరుగుతుంది, నిజమే. కానీ పోడు చేను బీడు పెడితే చెట్టు మళ్లీ మొలిచి దాన్ని పీల్చుకుంటది. కాలిన బొగ్గు మళ్లీ గనిలోకి రాదు.

అడవిని కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకే ఇచ్చింది. మీ ఊరు సామూహిక హక్కుల క్లెయిమ్ పెట్టిందా? ఈ వారమే గ్రామసభలో అడగండి.