ఎకరాలెన్ని అని అడిగినందుకు

నిర్వాసితుల పేటల గురించి రాస్తున్న ఈ వరుసలో ఇది ఏడో భాగం. ఈసారి వాళ్ల గురించి కాదు. వాళ్ల దగ్గరికి కాగితం, పెన్నూ పట్టుకుని వెళ్లే మన గురించి.

పోలవరం ముంపు ఊళ్ల వాళ్లకి కట్టిన ఒక కాలనీలో నేను చేసిన మొదటి ఇంటర్వ్యూ ఇలా జరిగింది. ముప్పై రెండు ప్రశ్నల కాగితం నా చేతిలో ఉంది. దారి చూపించడానికి ఆ ఊరి పెద్దరైతు కొడుకు వచ్చాడు, నా స్టూడెంటే. అతని బండి మీదే పేటలో దిగాను. నాకు కుర్చీ వేశారు. డెబ్బై ఏళ్ల ముసలామె గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది.

"మీకు ఎన్ని ఎకరాలు పోయాయమ్మా?" అని అడిగాను.

"మాకేం పోలేదు బాబూ. మాకేం ఉందని పోడానికి?" అంది.

'భూమి లేదు, నష్టం లేదు' అని రాసుకున్నాను. పావుగంటలో లేచొచ్చేశాను.

రెండు వారాల తర్వాత ఒక్కడినే మళ్లీ వెళ్లాను. ఈసారి కుర్చీ వద్దని అరుగు మీద కూర్చున్నాను, ఆమె ఇచ్చిన టీ తాగాను. "మీది ఏ పేట అబ్బాయ్?" అని అడిగింది. మా తాత పేట పేరు చెప్పాను. అప్పుడు మొదలుపెట్టింది. మూడు తరాలు ఒకే ఆసామి పొలంలో నాట్లు, కలుపు, కోతలు. ఎండాకాలం తునికాకు. పొయ్యిలోకి అడవి పుల్లలు. కూరకి గోదారి చేప. ఇప్పుడు పుల్లా కొనాలి, చేపా కొనాలి, పనికెళ్లాలంటే ఆటో ఎక్కాలి.

"మరి మొన్న ఏమీ పోలేదన్నావు కదమ్మా?"

"నువ్వు ఎకరాలు అడిగేవు. లేవన్నాను. ఆ అబ్బాయి పక్కనే నించున్నాడు. ఆళ్ల పొలంలో ఏమిచ్చేవోరో ఆడి ముందే సెప్పమంటావా?"

ఆమె దాచిందేమీ లేదు. తప్పు నా ప్రశ్నలో ఉంది. నేను ఎవరి బండి మీద దిగానన్న దాంట్లో ఉంది.

ఇది మర్యాదకి సంబంధించిన చిన్న విషయం అనుకోకండి. 2013 భూసేకరణ చట్టంలో 'బాధిత కుటుంబం' అంటే భూమి పోయిన కుటుంబం మాత్రమే కాదు. సెంటు భూమి లేకపోయినా, సేకరణకి ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ఆ భూమి పోవడం వల్ల ప్రధాన జీవనాధారం దెబ్బతిన్న కూలీ, కౌలుదారు, చేతివృత్తిదారు కూడా అందులోకి వస్తారు. పునరావాస సర్వేలో భూమిలేని వాళ్లు పోగొట్టుకున్న ఉపాధిని కూడా నమోదు చేయాలని 16వ సెక్షన్ చెబుతోంది.

సరే, మూడేళ్లు కూలి చేశానని రుజువేది? పట్టా ఉన్నవాడికి పాస్‌పుస్తకం ఉంటుంది. కూలికి ఎవడు రసీదిచ్చాడు? పేటకి ఉన్న దస్తావేజు నోటిమాటే. ఆ మాటని సరిగ్గా వినకపోతే మనిషే లెక్కలోంచి జారిపోతుంది. నేను రాసుకున్న 'నష్టం లేదు' అనే రెండు మాటలు ఏ ఫైల్లోకో వెళ్లి ఉంటే?

ఫోన్లో అడిగితే సరిపోదా అంటారు కొందరు. ఫోన్లో జవాబు వినిపిస్తుంది. పక్కన ఎవరు నిలబడ్డారో కనిపించదు. ఆమె మాట మధ్యలో ఎటు చూసిందో కనిపించదు.

మనకి దారి చూపిన పుస్తకాలున్నాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని స్త్రీశక్తి సంఘటన వాళ్లు స్వయంగా కలిసి మాట్లాడించబట్టే 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. టి.ఎన్. సదాలక్ష్మి బతుకుకథని గోగు శ్యామల 'నేనే బలాన్ని'గా మన చేతిలో పెట్టింది. పార్టీల చరిత్రల్లో పక్కకి పోయిన మనుషులు ఈ పుస్తకాల్లో నడిమధ్యకి వచ్చారు.

'నేనూ దళితుణ్ణే, నాకు తెలుసు' అన్న ధీమా కూడా పనికిరాదు. నాకు జీతముంది, కాళ్లకి బూట్లున్నాయి, పేరు ముందు డాక్టర్ ఉంది. ఆమె ముందు చూసింది వాటినే. కోయ, కొండరెడ్డి గూడేలకి వెళ్లినప్పుడు ఈ దూరం ఇంకా పెరుగుతుంది. కోయ మాట్లాడే ముసలాయన్ని తెలుగులో అడిగి, 'ఆయన పెద్దగా ఏమీ చెప్పలేదు' అని రాసుకుంటే అది ఆయన మౌనం కాదు, మన చేతగానితనం.

సెలవుల్లో కాలనీలకి వెళ్దామనుకుంటున్న విద్యార్థులకి నా మాట ఇదే. ఊరిపెద్ద ఇంటి మీదుగా పేటకి వెళ్లొద్దు. ఎకరాల కంటే ముందు, ఒక రోజు తెల్లారి లేచిన దగ్గర్నుంచి ఏం చేసేవారో అడగండి. ఆడవాళ్లతో మగవాళ్లు లేనప్పుడు కూడా మాట్లాడండి. అడిగి రికార్డు చేయండి, వద్దంటే ఆపేయండి. ప్యాకేజీ ఇప్పిస్తామని ఆశ పెట్టొద్దు. ఒక్కసారి వెళ్లి వచ్చేసి వ్యాసం రాయొద్దు. రాసింది తీసుకెళ్లి వాళ్లకే చదివి వినిపించండి.

నేను మూడోసారి వెళ్లింది అందుకే. 'రోజుకూలీకి పనిచేసేది' అన్న వాక్యం దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కూలి డబ్బులు ఎక్కడియ్యా అప్పట్లో? గింజలు కొలిసేవోరు. ఆ కుంచం మామూలు కుంచం కంటే సిన్నది. అది రాయి."

రాశాను.

జై భీమ్.