ముల్లు కదలకపోతే నవ్వాలా?

మేము తమిళ బళ్ళో చదువుకున్నవాళ్ళం, రాతలో తప్పులుంటే మన్నించండి.

మన వాకింగ్ బృందంలో మూడు నెలలు అందరికీ బరువు దిగింది. నాలుగో నెల ముల్లు కదల్లేదు. ప్రతి ఆదివారం బరువులు పైకి చదువుతాం కదా, "ఇంట్లో దొంగతిండి తింటున్నారేమో" అని నవ్వులు మొదలైనాయి. ఒక అన్నగారు సిగ్గుపడి రాత్రి భోజనం మానేసి, షుగర్ మాత్ర మాత్రం వేసుకొని, తెల్లారి నడకలో కళ్ళు తిరిగి పడిపోయినారు. ఆ నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాము. అందుకే ఇది రాస్తున్నాము.

బరువు ఆగితే దొంగతిండే అనుకోకూడదు. రిటైరయి జీతం పోయి పింఛను వస్తే మనం ఏం చేసినాం? ఖర్చు తగ్గించుకున్నాం. ఒళ్ళూ అంతే, తిండి తగ్గితే ఖర్చు బిగిస్తుంది. పైగా పెట్టెలు తగ్గిన బండిని లాగడానికి ఇంజనుకు అంత డీజిల్ అక్కర్లేదు. 80 కిలోలప్పుడు నడకకు కరిగినంత 74 కిలోలప్పుడు కరగదు. కొవ్వు తగ్గితే లెప్టిన్ అనే హార్మోనూ తగ్గి ఆకలి పెరుగుతుంది.

అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో ఉన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించినారు. ఊరికే ఉన్నప్పుడు వాళ్ళ ఒళ్ళు చేసే ఖర్చు, ఉండాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ. వాళ్ళు చాలా వేగంగా తగ్గినవాళ్ళు. మనకంత ఉండకపోవచ్చు, కానీ ఒంటి లెక్క అదే.

"పైకి చదవకపోతే భయం ఉండదు" అంటారు కొందరు. ఆ భయంతోనే నాలుగో నెలలో ముగ్గురు రావడం మానేసినారు.

మా మాట ఇది. బరువు ఎవరి నోటుబుక్కులో వాళ్ళు రాసుకోవాలి. నెలకొకసారి టేపుతో నడుము కొలుచుకోవాలి. వారానికి రెండు రోజులు కుర్చీలో కూర్చొని లేవడం, మెట్లెక్కడం చేయాలి, లేకపోతే కొవ్వుతోబాటు కండా పోతుంది. నడక అయినాక పొంగలు, వడ మాని సుండల్, గుడ్డు తిందాం. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరును అడక్కుండా పూట మానకూడదు. కొన్నాళ్ళు బరువు పెరగకుండా నిలుపుకున్నా మేలే.

వచ్చే ఆదివారం నడక అయినాక ఆ అన్నగారింటికి పోయి క్షమాపణ అడుగుతాము. నవ్వినవాళ్ళందరూ రండి.